నెమ్మదిగా వెళ్ళేటప్పుడు బండి ఊగుతోందా? కారణాన్ని ఇలా కనిపెట్టండి

రోగిని చూడటానికి, మందులు తీసుకురావడానికి, డిశ్చార్జి అయినవారిని ఇంటికి తీసుకువెళ్ళడానికి మీలో చాలామంది మోటారు సైకిలు మీదే వస్తారు. ఆ బండి మంచి స్థితిలో ఉందా లేదా అన్నది కూడా ఆరోగ్యానికి సంబంధించిన విషయమే. అందుకే ఈ పుస్తకంలో జ్వరాలు, చక్కెర వ్యాధి, రక్తపోటు వంటి విషయాలతో పాటు దీనికీ చోటిస్తున్నాం.

"వేగంగా పోతే బాగానే ఉంటుంది, నెమ్మదిగా పోతేనే కొంచెం ఊగుతుంది, ఏం కాదులే" అని చాలామంది సరిపెట్టుకుంటారు. ఈ మాట సరైనది కాదు. నెమ్మదిగా పోయే బండి మీద నుంచి పడినా తల నేలకు తగిలేది మనిషి ఎత్తు నుంచే. వయసు మళ్ళినవారికి, ఎముకలు గుల్లబారినవారికి నిలుచున్న చోట పడినా తుంటి ఎముక విరగవచ్చు. కుట్లు పడినవారికి, కట్టు కట్టినవారికి చిన్న కుదుపు కూడా ప్రమాదమే. కాబట్టి ఊగే బండి మీద రోగిని కూర్చోబెట్టకముందే కారణం తెలుసుకోవాలి.

ముఖ్యంగా ఒక సంగతి గుర్తుంచుకోండి. జ్వరం ఎలా వ్యాధి కాదో, వ్యాధికి లక్షణమో, బండి ఊగడం కూడా అలాంటి లక్షణమే. దానికి పది కారణాలు ఉండవచ్చు. పరీక్ష చేయకుండా మందు ఇవ్వకూడదు. అలాగే పరీక్ష చేయకుండా సామాను మార్చకూడదు. సులభమైన, ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా ముందుకు వెళ్ళాలి.

ఎంతవరకు సహజం?

నడక వేగంతో వెళ్ళేటప్పుడు ఏ బండి అయినా కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇది లోపం కాదు. ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే తర్వాతి పరీక్షలు తేలికగా అర్థమవుతాయి.

బండి ఎడమకు ఒరిగితే ముందు చక్రం కూడా కొద్దిగా ఎడమకు తిరుగుతుంది. అప్పుడు చక్రాలు ఒరిగిన బరువు కిందికి వచ్చి బండి మళ్ళీ నిలబడుతుంది. కుడికి ఒరిగినా ఇలాగే జరుగుతుంది. బండి కాస్త వేగం అందుకున్న తర్వాత ఈ పని చాలావరకు దానంతట అదే జరిగిపోతుంది. నడక వేగంలో మాత్రం ఆ శక్తి చాలదు. నడిపేవారి చేతులే హ్యాండిల్‌ను చిన్నగా అటూ ఇటూ తిప్పుతూ బండిని నిలబెట్టాలి.

అంటే నెమ్మదిగా వెళ్ళేటప్పుడు హ్యాండిల్ స్వేచ్ఛగా తిరగడం చాలా అవసరం. అది బిగుసుకుపోయినా, మధ్యలో పట్టేసినా, ముందు టైరులో గాలి తగ్గినా ఆ చిన్న సవరణలు ఆలస్యమవుతాయి. ఆలస్యమైనందువల్ల ఎక్కువగా తిప్పవలసి వస్తుంది. ఎక్కువగా తిప్పడం వల్ల బండి రెండో వైపుకు పోతుంది. ఇలా తాగినవాడి నడకలాగా మెలికలు మొదలవుతాయి.

ఊగడంలో రకాలు

"ఊగుతోంది" అని అందరూ ఒకే మాట అంటారు గాని అన్ని ఊగుళ్ళూ ఒకటి కావు. 1971లో రాబిన్ షార్ప్ అనే ఇంజనీరింగ్ పరిశోధకుడు మోటారు సైకిలు కదలికలను లెక్కగట్టి మూడు రకాలుగా విడదీశారు. ఒకటి, బండి ఒక పక్కకు ఒరిగిపోవడం. రెండు, బండి మొత్తం నిదానంగా మెలికలు తిరగడం. మూడు, హ్యాండిల్ మాత్రమే వేగంగా వణకడం. మీ బండిది ఏ రకమో ముందు గమనించండి.

(అ) గంటకు 20 కిలోమీటర్ల లోపు, సందులో మలుపు తిరిగేటప్పుడో, రద్దీలో పాకుతున్నట్టు వెళ్ళేటప్పుడో బండి తిన్నగా పోక మెలికలు తిరుగుతుంటే ఎక్కువగా హ్యాండిల్ బిగుసుకోవడం, గాలి తక్కువ ఉండటం, బరువు సరిగా లేకపోవడం కారణాలు.

(ఆ) 60 నుంచి 40కి వేగం తగ్గుతున్నప్పుడు హ్యాండిల్ గడగడా వణికితే ముందు టైరు అరుగుదల, రిమ్ము వంకర, హ్యాండిల్ కోన్‌సెట్ లూజు కావడం మొదట అనుమానించాలి.

(ఇ) బండి వెనుక భాగం మాత్రమే తోక ఊపినట్టు ఊగితే వెనుక టైరు, చైను బిగించేటప్పుడు చక్రం పక్కకు పోవడం, వెనుక బుష్షులు అరగడం చూడాలి.

(ఈ) బ్రేకు వేసినప్పుడు మాత్రమే ఊగితే బ్రేకు డ్రమ్ము లేదా డిస్కు, లేదంటే కోన్‌సెట్ లూజు కారణం కావచ్చు.

(ఉ) ముందుకూ వెనక్కూ కుదుపులు వస్తే అది ఊగడం కాదు. చైను లూజు, క్లచ్చు, ఇంజను ట్యూనింగు చూపించుకోవాలి.

ముందుగా ఈ ప్రశ్నలు వేసుకోండి

డాక్టరు గారు రోగిని ముట్టుకునే ముందు "ఎప్పటి నుంచి? ఎలా మొదలైంది?" అని అడుగుతారు. బండి విషయంలోనూ సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

1. ఎప్పటి నుంచి ఊగుతోంది? హఠాత్తుగా మొదలైందా, నెలల తరబడి పెరుగుతూ వచ్చిందా?

2. దానికి ముందు ఏదైనా పని చేయించారా? పంక్చరు వేయించిన మర్నాటి నుంచి మొదలైతే టైరు రిమ్ములో సరిగా కూర్చోలేదేమో చూడాలి. చైను బిగించిన తర్వాత మొదలైతే వెనుక చక్రం వంకరగా బిగించారేమో చూడాలి. కొత్త కోన్‌సెట్ వేయించిన తర్వాత మొదలైతే అది అతిగా బిగించి ఉండవచ్చు.

3. బండి కింద పడిందా? గుంతలో గట్టిగా పడిందా? గోడకో, డివైడరుకో తగిలిందా?

4. ఒక్కరు వెళ్ళినప్పుడు కూడా ఊగుతుందా, వెనుక మనిషో సామానో ఉన్నప్పుడేనా?

5. అన్ని రోడ్ల మీదా ఊగుతుందా? ఇసుక మీద, బురదలో, గీతలు కొట్టిన సిమెంటు రోడ్డు మీద మాత్రమే అయితే లోపం బండిలో ఉండకపోవచ్చు.

6. వేరే మనిషి నడిపినా ఊగుతుందా?

ఈ జవాబులు ఒక కాగితం మీద రాసుకుని మెకానిక్‌కు చెప్పండి. "బండి ఊగుతోంది, చూడు" అని వదిలేసి రావడం కంటే ఇది ఎంతో మేలు.

ఇంటి దగ్గర చేసుకోదగిన పరీక్షలు

ఇంజను ఆపి, బండి చల్లబడిన తర్వాత, గట్టి నేల మీద చేయండి. చక్రం పైకి లేపే పరీక్షలకు పక్కన మరొకరు తప్పనిసరిగా ఉండాలి. పిల్లలను దూరంగా ఉంచండి.

1. గాలి. ముందు దీనితోనే మొదలుపెట్టాలి. వేలితో నొక్కి చూస్తే గాలి సంగతి తెలియదు. మీటరు పెట్టి చూడాలి. బండి ఎక్కువ దూరం నడవక ముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మన ఊళ్ళలో ఎక్కువగా తిరిగే నూరు సీసీ బండ్లకు మీటరు మీద ముందు సుమారు 25, వెనుక ఒక్కరికైతే సుమారు 28 ఉంటుంది. వెనుక మనిషి కూర్చుంటే వెనుక టైరుకు ఇంకా ఎక్కువ కావాలి. మీ బండికి ఎంతో చైను కవరు మీదనో దాని దగ్గరలోనో అంటించిన కాగితంలో, లేదా బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. రోజూ ఒక్కరే తిరిగే బండికి ఒక్కరి గాలే ఉంటుంది. ఆ గాలితోనే రోగిని ఎక్కించుకుని బయలుదేరితే వెనుక భాగం ఊగడంలో ఆశ్చర్యం లేదు.

2. టైర్లు. చుట్టూ చేతితో నెమ్మదిగా తడిమి చూడండి. మధ్యలో చదునుగా అరిగి అంచు కట్టినట్టుంటే ఆ టైరు పక్కకు ఒరిగినప్పుడల్లా తడబడుతుంది. ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం తగిలినా, ఎక్కడైనా బుడగలాగా ఉబ్బినా వెంటనే మార్చాలి. ఉబ్బిన టైరు పేలిపోయే ప్రమాదం ఉంది. టైరు పక్కభాగంలో, రిమ్ముకు దగ్గరగా చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీత రిమ్ము నుంచి అంతటా ఒకే దూరంలో ఉండాలి. ఒక చోట లోపలికి పోయి ఉంటే టైరు సరిగా కూర్చోలేదని అర్థం. గాలి తీసి మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. టైరు మీద నాలుగు అంకెలతో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారం అని అర్థం. గాడులు బాగానే కనిపించినా పాతబడి పగుళ్ళిచ్చిన టైరు నమ్మదగినది కాదు.

3. రిమ్ము, స్పోకులు. బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టండి. ఒకరు వెనుక భాగాన్ని కిందికి నొక్కి పట్టుకుంటే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. రిమ్ము పక్కన ఒక పుల్లను కదలకుండా పట్టుకుని చక్రాన్ని చేతితో తిప్పండి. పుల్లకూ రిమ్ముకూ మధ్య సందు మారకూడదు. మార్పు రెండు మిల్లీమీటర్లు దాటితే బెండు తీయించాలి. స్పోకులున్న చక్రమైతే చిన్న స్పానరుతో ఒక్కొక్క స్పోకును తట్టండి. బిగువుగా ఉన్నవన్నీ దాదాపు ఒకేలా మోగుతాయి. లూజైనది మొద్దుగా పలుకుతుంది. వెనుక చక్రానికీ ఇలాగే చేయండి. అయితే చైను దగ్గరకు వేళ్ళు పోనివ్వకండి. ఇంజను స్టార్టు చేసి చక్రం తిప్పడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు.

4. చక్రం బేరింగులు. గాలిలో ఉన్న చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడించండి. ఇరుసు దగ్గర టకటకమని కదిలితే బేరింగు అరిగింది. ఇరుసు నట్టు లూజై ఉన్నా ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు నట్టు చూడండి. చక్రం తిప్పినప్పుడు గరగరమన్నా బేరింగు చూపించాలి.

5. హ్యాండిల్. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఊగే బండికి అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇది. హ్యాండిల్ తిరిగే మెడ భాగంలో పైనా కిందా బేరింగులు ఉంటాయి. వీటినే మెకానిక్‌లు కోన్‌సెట్ అంటారు. ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను తిన్నగా పెట్టి ఒక వేలితో మెల్లగా తోయండి. అది తన బరువుతో తానే ఆ పక్కకు పడిపోవాలి. రెండో పక్కకూ అలాగే పడాలి.

- ఎక్కడ వదిలితే అక్కడే ఆగిపోతే కోన్‌సెట్ అతిగా బిగించి ఉంది, లేదా లోపల గ్రీజు ఎండిపోయింది.
- సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు ఏదో గాడిలో కూర్చున్నట్టు పట్టేస్తే లోపలి గిన్నెలలో బాల్సు గుంతలు చేశాయి. గుంతల రోడ్ల మీద ఏళ్ళ తరబడి తిరిగిన బండ్లలో ఇది కనిపిస్తుంది. ఇది ఎంత బిగించినా, ఎంత వదులు చేసినా బాగుపడదు. మార్చవలసిందే.
- ఇప్పుడు ముందు ఫోర్కుల కింది భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. మెడ దగ్గర టక్కుమని తగిలితే కోన్‌సెట్ లూజు.

బేరింగులు బాగానే ఉన్నా కొన్నిసార్లు క్లచ్చు కేబులు, యాక్సిలరేటరు కేబులు, వైర్లు బిగుతుగా కట్టడం వల్ల హ్యాండిల్ ఒక పక్కకు గుంజుతుంది. హ్యాండిల్ తిప్పుతూ అవి ఎక్కడ పట్టుకుంటున్నాయో చూడండి.

6. ముందు ఫోర్కులు. బండి ముందు నిలబడి, ముందు చక్రాన్ని, హ్యాండిల్‌ను పోల్చి చూడండి. హ్యాండిల్ తిన్నగా ఉండి చక్రం వంకరగా ఉంటే పడినప్పుడు ఫోర్కులు మెలిపడ్డాయి. చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి హ్యాండిల్ లాగి సరిచేయడం చాలాచోట్ల చూస్తాం. అది ఇంటిదాకా చేరడానికే. బోల్టులు వదులు చేసి, సరిగా కూర్చోబెట్టి, మళ్ళీ బిగించాలి. ఫోర్కు రాడ్డు మీద ఆయిలు కారిన మరక ఉంటే సీలు పోయింది. ఆ ఆయిలు బ్రేకులోకి దిగితే ఊగుడు కంటే పెద్ద ప్రమాదం.

7. వెనుక చక్రం. చైను బిగించే చోట రెండు పక్కలా గుర్తులు ఉంటాయి. ఎడమ పక్క ఎన్నో గీత మీద ఉందో కుడి పక్క కూడా అదే గీత మీద ఉండాలి. తేడా ఉంటే చక్రం వంకరగా ఉన్నట్టే. చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే సుమారు రెండు నుంచి మూడు సెంటీమీటర్లు ఆడాలి. తర్వాత వెనుక చక్రాన్ని పట్టుకుని పక్కలకు లాగండి. ఇరుసు దగ్గర కాకుండా, చక్రాన్ని మోసే చట్రమే ముందు వైపున కదులుతుంటే దాని బుష్షులు అరిగాయి.

ఈ ఏడు పరీక్షలకు కలిపి అరగంట చాలు. మొదటి రెండింటితోనే తేలిపోయే బండ్లు చాలా ఉంటాయి.

బరువు పెట్టే తీరు

బండిలో ఏ లోపం లేకపోయినా బరువు సరిగా పెట్టకపోతే ఊగుతుంది. ఆసుపత్రికి వచ్చేవారు ఈ విషయం ప్రత్యేకంగా గమనించాలి.

టిఫిను క్యారియరు, మందుల సంచి, నీళ్ళ సీసా హ్యాండిల్‌కు తగిలించడం చాలామందికి అలవాటు. ఆ సంచి గడియారం లోలకంలాగా ఊగుతూ ప్రతిసారీ హ్యాండిల్‌ను లాగుతుంది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఇది స్పష్టంగా తెలుస్తుంది. వెనుక ఇరుసు దాటి, సీటు చివర బరువు కడితే ముందు చక్రం తేలికైపోతుంది, పట్టు తగ్గుతుంది. ముగ్గురు ఎక్కినా ఇంతే. చట్టం ప్రకారం వెనుక ఒక్కరే కూర్చోవాలి.

వెనుక కూర్చునేవారు ఒక పక్కకు కాళ్ళు వేసి కూర్చుంటే బరువు ఆ పక్కకు పోతుంది. నడిపేవారు తెలియకుండానే రెండో పక్కకు ఒరిగి నడుపుతారు. వీలైనంతవరకు రెండు పక్కలా కాళ్ళు వేసి, పాదాలు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చోవాలి. అలా కూర్చోలేని రోగికి మోటారు సైకిలు ప్రయాణం తగదు.

ఊగేది బండా, నడిపేవారా?

ఒకే బండిని మీకు నమ్మకమైన, లైసెన్సు ఉన్న మరొకరు ఖాళీ స్థలంలో నడిపి చూడాలి. వారికి తిన్నగా పోయి మీకు ఊగితే కారణం బండిలో లేదు. భుజాలు బిగబట్టి, హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుని, చక్రం ముందే చూస్తూ నడిపితే బండి ఊగుతుంది. చేతులు సడలించి, చూపు కొంచెం దూరాన నిలిపి, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు వెనుక బ్రేకును తేలికగా వాడితే సర్దుకుంటుంది.

కొన్నిసార్లు కారణం శరీరంలో ఉంటుంది. కింది వాటిని అశ్రద్ధ చేయవద్దు.

- చక్కెర వ్యాధికి ఇన్సులిను గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, చూపు మసకబారడం రావచ్చు. ఆ సమయంలో బండి నడపరాదు.
- చాలా కాలంగా చక్కెర వ్యాధి ఉన్నవారికి పాదాలు మొద్దుబారవచ్చు. బ్రేకు ఎంత నొక్కారో, నేల ఎక్కడుందో కాలికి తెలియదు.
- జలుబుకు, దురదకు, నిద్రకు, మూర్ఛకు, నొప్పులకు ఇచ్చే కొన్ని మందులు మత్తు కలిగిస్తాయి. "ఈ మందు వేసుకుని బండి నడపవచ్చా?" అని డాక్టరును తప్పక అడగండి.
- రక్తపోటు మందు కొత్తగా మొదలుపెట్టినప్పుడు, చెవి లోపలి జబ్బులున్నప్పుడు కళ్ళు తిరగవచ్చు.
- రోగి దగ్గర రెండు రాత్రులు నిద్ర లేకుండా కూర్చున్నవారికి చేతులు, చూపు చురుకుగా పనిచేయవు. మీకు జబ్బు లేదు గాని అలసట ఉంది. తెల్లవారగానే బండి తీయకుండా కాసేపు పడుకుని వెళ్ళండి, లేదా మరొకరిని పిలిపించుకోండి.

మెకానిక్ దగ్గర

గాలి, టైరు, బరువు మీరే సరిచేసుకోగలరు. కోన్‌సెట్, బేరింగులు, ఫోర్కులు, బుష్షులు తెలిసిన మెకానిక్ చేయవలసిన పనులు. అక్కడ ఈ విషయాలు గమనించండి.

కోన్‌సెట్ మార్చేటప్పుడు బాల్సు ఒక్కటే మార్చి పాత గిన్నెలు ఉంచితే కొద్ది రోజులకే మళ్ళీ మొదటికొస్తుంది. మొత్తం సెట్టు మార్చి కొత్త గ్రీజు పెట్టించాలి. బిగించడంలో నేర్పు ఉంది. లాగితే కదలకూడదు, తోస్తే తనంత తాను పడిపోవాలి. పని అయిన తర్వాత వేలితో తోసే పరీక్ష మీరే చేసి చూసుకోండి. కొత్త సెట్టు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కుదురుకుని కొంచెం లూజవుతుంది. అప్పుడు మరొకసారి బిగువు చూపించాలి.

ఒకేసారి నాలుగు సామాన్లు మార్చమంటే ఒప్పుకోవద్దు. ఒకటి సరిచేసి, నడిపి చూసి, తగ్గకపోతే రెండోదానికి వెళ్ళాలి. అప్పుడే అసలు కారణం తెలుస్తుంది, డబ్బు మిగులుతుంది. ఉబ్బిన టైరు, విరిగిన స్పోకులు, చిట్లిన రిమ్ము కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మార్పించండి.

దారిలో హఠాత్తుగా ఊగితే

కంగారుపడి ముందు బ్రేకు గట్టిగా వేయవద్దు. యాక్సిలరేటరు మెల్లగా వదలండి. మోకాళ్ళతో ట్యాంకును ఒత్తి పట్టండి. హ్యాండిల్ వదలవద్దు, కాని దానితో కుస్తీ పట్టవద్దు. శరీరాన్ని కొంచెం ముందుకు వంచండి. వేగం తగ్గాక వెనుక బ్రేకు మెల్లగా వేసి రోడ్డు పక్కన ఆపి, ముందు టైర్లలో గాలి, తర్వాత సామాను చూసుకోండి. కాళ్ళు ముందే నేలకు చాచవద్దు, మడమ విరిగే ప్రమాదం ఉంది. "చేతులు వదిలి చూద్దాం, ఎంత ఊగుతుందో" అనే పరీక్ష ఎప్పుడూ చేయకండి.

రోగిని ఇంటికి తీసుకువెళ్ళేటప్పుడు

ఆపరేషను అయినవారు, కాలికి కట్టు ఉన్నవారు, మత్తు మందు ప్రభావం ఇంకా తగ్గనివారు, కళ్ళు తిరిగేవారు, నెలలు నిండిన గర్భిణులు, బాలింతలు, చేతిలో పసిపిల్లలున్నవారు మోటారు సైకిలు మీద వెళ్ళకూడదు. ఆటో గాని కారు గాని మాట్లాడుకోండి. ఆ కిరాయి మళ్ళీ ఆసుపత్రిలో చేరడానికి అయ్యే ఖర్చు కంటే తక్కువే. అత్యవసరమైతే 108కు ఫోను చేయండి. మన రాష్ట్రంలో 2005లో మొదలైన ఈ సేవ ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉంది.

బండి మీద వెళ్ళక తప్పనివారు ఇద్దరూ హెల్మెట్ పెట్టుకుని, దాని పట్టీ బిగించుకోవాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం నాలుగేళ్ళు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ ఉండాలి.

కొన్ని సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: గాలి సరిగా ఉంది, టైర్లు కొత్తవి. అయినా సందులో వెళ్ళేటప్పుడు మెలికలు తిరుగుతోంది. ఏం చేయాలి?
జవాబు: హ్యాండిల్ వేలితో తోసే పరీక్ష చేయండి. పడిపోకుండా ఆగిపోతే కోన్‌సెట్ బిగువు తగ్గించి, గ్రీజు పెట్టించండి. మధ్యలో పట్టేస్తే మార్చండి.

ప్రశ్న: గాలి ఎక్కువ పట్టిస్తే ఊగడం తగ్గుతుందా?
జవాబు: చెప్పిన లెక్కకు మించి పట్టించరాదు. టైరు మధ్యలో అరిగి, రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. వాన రోజుల్లో జారే ప్రమాదం పెరుగుతుంది.

ప్రశ్న: స్కూటరు కూడా ఊగుతోంది. ఇవే పరీక్షలు చేయవచ్చా?
జవాబు: చేయవచ్చు. చక్రాలు చిన్నవి కాబట్టి గాలి తగ్గినా, టైరు అరిగినా స్కూటరుకు తొందరగా తెలుస్తుంది. కాళ్ళ దగ్గర పెట్టే బరువు హ్యాండిల్‌కు అడ్డు రాకుండా చూడండి.

ప్రశ్న: ఊగుతున్నా జాగ్రత్తగా నడిపితే సరిపోదా?
జవాబు: ఒంటరిగా, ఖాళీ రోడ్డు మీద ఇన్నాళ్ళూ సరిపోయి ఉండవచ్చు. వెనుక బరువు పెరిగి, ముందు లారీ ఆగి, పక్కన గుంత వచ్చిన రోజున ఆ జాగ్రత్త చాలదు.

గుర్తుంచుకోండి

వారానికి ఒకసారి గాలి. నెలకు ఒకసారి టైర్లు, స్పోకులు, చైను, హ్యాండిల్. బండి కింద పడిన ప్రతిసారీ, పంక్చరు వేయించిన ప్రతిసారీ మళ్ళీ ఒకసారి అన్నీ. బండి ఊగడం మొదలైతే కారణం దొరికే వరకు వెనుక ఎవరినీ కూర్చోబెట్టవద్దు. ఈ పేజీని మడిచి బండి కాగితాలతో పాటు పెట్టుకోండి. ఈ రోజు ఇంటికి బయలుదేరే ముందే, ఇక్కడి పార్కింగులోనే, మొదటి రెండు పరీక్షలు చేసి చూడండి. మీటరు లేకపోతే దారిలో మొదటి పంక్చరు షాపు దగ్గర ఆగండి.